ఇల్లు ఒకచోట, బిరుదు మరోచోట: బ్లేర్ కోటలో ఒక రోజు

"డ్యూక్ గారు ఏ గదిలో ఉంటారు?" అని మా ఆవిడ అడిగితే, కోట గదిలో నిలబడ్డ పెద్దాయన నవ్వి, "దక్షిణాఫ్రికాలో" అన్నాడు. అప్పటిదాకా తుపాకులు, జింక కొమ్ములు చూసి విసుగెత్తిన నాకు కోట మీద ఆసక్తి అక్కడే మొదలైంది.

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో నుంచి కోట ఉన్న బ్లేర్ ఆథోల్ ఊరికి రైలులో సుమారు రెండు గంటలు. స్టేషను నుంచి కోట నడక దూరమే. తెల్లగా సున్నం పూసిన ఈ కోట తరతరాలుగా ఆథోల్ డ్యూకులైన ముర్రే వంశం చేతిలో ఉండేది. వాళ్లకు డ్యూక్ హోదా, అంటే బ్రిటన్ ప్రభువుల్లో అన్నిటికన్నా పెద్ద బిరుదు, 1703లో వచ్చింది. ఆ తర్వాతి కథ దాయాదుల పోరే. మొదటి డ్యూక్ కొడుకు విలియం 1715 తిరుగుబాటులో, గద్దె పోగొట్టుకున్న స్టువర్ట్ రాజుల పక్షం చేరి వారసత్వం పోగొట్టుకోగా, బిరుదు తమ్ముడు జేమ్స్‌కు దక్కింది. 1746లో మరో తమ్ముడు లార్డ్ జార్జ్, అదే స్టువర్ట్‌ల పక్షాన తిరుగుబాటు సేనానిగా వచ్చి తన తండ్రి కోటనే ముట్టడించాడు. ఎర్రగా కాల్చిన ఇనుప గుండ్లు పైకప్పు మీదికి పేల్పించాడట! బ్రిటన్‌లో ముట్టడికి గురైన చివరి కోట ఇదేనంటారు.

జేమ్స్‌కు మగ సంతానం మిగల్లేదు. ఆయన కూతురు షార్లెట్‌ను పెళ్లాడింది ఆ జార్జ్ కొడుకు జానే. మన వరసలో వాళ్లు అన్నాచెల్లెళ్లు! ఇది వినగానే మా ఆవిడ ముఖం చూడాలి. 1764లో జానే మూడో డ్యూక్ అయ్యాడు. కోటపై గుండ్లు పేల్చినవాడి కొడుక్కే కోట దక్కిందన్నమాట.

పదో డ్యూక్ ఇయన్ ముర్రే పెళ్లి చేసుకోలేదు. 1996లో చనిపోయే ముందు కోటను, ఎస్టేటును ధర్మకర్తల ట్రస్టుకు అప్పగించాడు. బిరుదు మాత్రం రక్తసంబంధం వెంట దక్షిణాఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గ్‌లో పుట్టిన దూరపు బంధువు జాన్ ముర్రేకు వెళ్లింది. 2012 నుంచి ఆయన కొడుకు బ్రూస్ పన్నెండో డ్యూక్. విక్టోరియా రాణి 1844లో ఇక్కడ బస చేసి, మరుసటి ఏడాది పతాకాలిచ్చిన ఆథోల్ హైలాండర్స్ అనే సొంత సైన్యం ఆయనది. యూరప్‌లో చట్టబద్ధమైన ప్రైవేటు సైన్యం ఇదొక్కటేనని చెబుతారు. మే నెలాఖరులో దాని కవాతు జరుగుతుంది. మేము వారం ఆలస్యంగా వెళ్లి అది పోగొట్టుకున్నాం. మీరు ఆ తేదీలు చూసుకునే టికెట్లు కొనండి.

కోట లోపల ముప్పై గదుల వరకు చూడవచ్చు. అన్నీ చూడనక్కర్లేదు. నాట్యశాల, చిత్తరువులున్న మెట్లు చాలు. మిగిలిన సమయం హెర్క్యులీస్ తోటకు ఇవ్వండి, అదే మాకు బాగా నచ్చింది. గదుల్లోని సిబ్బందిని అడిగితే ఓపికగా చెబుతారు. బోర్డులు చదివితే ఇందులో సగం కూడా తెలియదు.

బస మాత్రం దగ్గర్లోని పిట్లోక్రీలో చేయండి. ఊరు పెద్దది, హోటళ్లు ఎక్కువ. మేము దిగిన అతిథి గృహంలో మూడంతస్తుల ఇరుకు మెట్లు, లిఫ్టు లేదు, స్నానానికి గోరువెచ్చని నీళ్లే. ఉదయం ఇచ్చిన ఓట్స్ జావ మాత్రం వేడిగా, కమ్మగా ఉంది. శాకాహారులకు కోట భోజనశాలలో సూపు, రొట్టె దొరికాయి. మేము పట్టుకెళ్లిన పులిహోరను తోటలో బెంచీ మీద తినేశాం.

తిరుగు రైలు వేళ ముందే చూసుకోండి. మేము చూసుకోక ఆ చిన్న స్టేషనులో చలిగాలికి గంటన్నర కూర్చున్నాం.