నిలిపి ఉంచిన కారు, దిగిపోయే బ్యాటరీ: నాలుగేళ్లు వాడిన డీసీ క్లాంప్ మీటర్

నా కారు వారానికో, పది రోజులకో ఒకసారి బయటికి వస్తుంది. నాలుగేళ్ల క్రితం అది నన్ను తెగ విసిగించింది. ఒక్కోసారి పది రోజులు కదలకుండా ఉన్నా తాళం తిప్పగానే స్టార్ట్ అయ్యేది. ఒక్కోసారి ఐదో రోజుకే సెల్ఫ్ కొడితే టకటకమనే చప్పుడు తప్ప ఇంజన్ తిరిగేది కాదు. బ్యాటరీ పాతదైపోయిందని మెకానిక్ చెప్పాడు, నేనూ నమ్మాను. కొత్తది వేయించిన మూడో వారానికి అదీ అలాగే దిగిపోయింది. అప్పుడు కొన్నదే ఈ డీసీ క్లాంప్ మీటర్, అంటే తీగను విప్పకుండా దాని చుట్టూ దవడలు మూసి అందులో పారే కరెంటును కొలిచే సాధనం. నా కారుతో పాటు బంధుమిత్రుల కార్లు కొన్నింటి మీద కూడా దీన్ని వాడి చూశాను కాబట్టి, ఇది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ మోసపుచ్చుతుందో ఇప్పుడు కాస్త నమ్మకంగా చెప్పగలను.

ముందుగా నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. నేను మొదట కొన్న క్లాంప్ మీటర్ ఇది కాదు. పెట్టె మీద ఆంపియర్లని కనబడితే చాలనుకుని తెచ్చిన ఆ మొదటిది ఏసీ కరెంటును మాత్రమే కొలిచే రకం. ట్రాన్స్‌ఫార్మర్ సూత్రం మీద పనిచేసే ఆ దవడల మధ్య బ్యాటరీ తీగను పెడితే, హెడ్‌లైట్లు వెలుగుతున్నా తెర మీద సున్నాయే కనిపించేది. బ్యాటరీ ఇచ్చే డీసీని, అంటే ఒకే దిశలో పారే కరెంటును పట్టాలంటే దవడల్లో అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ ఉండాలి. దానితో పాటు ఒక్కొక్క మిల్లీ ఆంపియర్ తేడాను చూపగల చిన్న రేంజి కూడా ఉండాలి. ఆంపియర్‌లో పదో వంతు కంటే చిన్న అంకె చూపలేని మీటర్ వెల్డింగ్ పనికి సరిపోతుందేమో గానీ ఈ పనికి చాలదు.

అసలు విషయానికి వస్తే, తాళం తీసి తలుపులు మూసిన కారు కూడా బ్యాటరీ నుంచి కొద్దిగా కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. గడియారం, అలారం, రిమోట్ సంకేతం కోసం ఎదురుచూసే రిసీవరు, కంప్యూటర్ల జ్ఞాపకశక్తి, వీటన్నింటికీ కలిపి 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల దాకా పోతే చాలా కార్లలో దాన్ని మామూలుగానే లెక్కిస్తారు. 50 మిల్లీ ఆంపియర్లంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు (ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు పారితే ఒక ఆంపియర్ అవర్); 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఆ లెక్కన మూడు వారాలకు పైగా తట్టుకుంటుంది. నా కారు ఐదు రోజులకే చేతులెత్తేస్తోందంటే, లోపల ఏదో నిద్రపోవడం లేదని అర్థం.

క్లాంప్ మీటర్ కంటే ముందు నేను మామూలు మల్టీమీటరుతో అందరూ చెప్పే పద్ధతినే పాటించాను: నెగటివ్ టెర్మినల్ విప్పి, ఆ తీగకూ బ్యాటరీకీ మధ్య మీటరును సిరీస్‌లో, అంటే కరెంటంతా మీటరు గుండానే పారేలా కలిపి, ఎర్ర ప్రోబును 10 ఆంపియర్ల సాకెట్టులో పెట్టి, నలభై నిమిషాలు ఓపిక పట్టాను. తెర మీద 28 మిల్లీ ఆంపియర్లు నిలకడగా కనిపించింది. మరుసటి రోజు కూడా అంతే. కారులో లోపమేమీ లేదనుకుని టెర్మినల్ బిగించాను. తరువాతి వారమే బ్యాటరీ మళ్లీ దిగిపోయింది.

ఈ చిక్కు విడిపోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. టెర్మినల్ విప్పిన క్షణంలోనే కారులోని ప్రతి పరికరానికీ కరెంటు తెగిపోతుంది. తిరిగి కలిపినప్పుడు అవన్నీ కొత్తగా లేచి, బుద్ధిగా నిద్రలోకి జారుకుంటాయి. ఎక్కడో మొరాయించి మేలుకుని ఉన్న పరికరాన్ని నేనే, కొలవబోయే ముందు, రీసెట్ చేసేస్తున్నానన్నమాట. దొంగను పట్టుకుందామని తలుపు తట్టి మరీ వెళ్లినట్టుంది నా పరీక్ష. క్లాంప్ మీటర్ విలువంతా ఇక్కడే ఉంది: దేన్నీ విప్పకుండా, కారు ఏ స్థితిలో ఉంటే ఆ స్థితిలోనే, తీగ చుట్టూ దవడలు మూసి చూడవచ్చు.

ఇది అర్థమయ్యాక ఒక సాయంత్రం నేను ఇల్లు చేరి బానెట్ ఎత్తి, దాని లాచ్‌ను స్క్రూడ్రైవరుతో నొక్కి మూసుకునేలా చేశాను. అలా చేయకపోతే బానెట్ తెరిచే ఉందనుకుని కొన్ని కార్లు నిద్రపోవు. కీలెస్ తాళాన్ని తీసుకెళ్లి వెనక గదిలో పెట్టాను, ఎందుకంటే దగ్గరలో ఉంటే అదే కారును పదేపదే లేపవచ్చు. నెగటివ్ కేబుల్ చుట్టూ దవడలు మూసి గంట తరువాత వెళ్లి చూస్తే 281 మిల్లీ ఆంపియర్లు. మొదట మీటరునే అనుమానించి, దవడలు తీసి సున్నా చేసి మళ్లీ పెట్టాను. 279. రోజుకు దాదాపు 6.7 ఆంపియర్ అవర్లు పోతున్నట్టు లెక్క. ఐదు రోజులకు బ్యాటరీలో నాలుగింట మూడు వంతులు ఖాళీ. నెలల తరబడి నన్ను తిప్పలు పెట్టిన అంకె కళ్లెదుట కదలకుండా నిలబడితే కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

అయితే క్లాంప్ మీటర్ కరెంటు పోతోందని చెబుతుందే గానీ ఎటు పోతోందో చెప్పదు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూడటం పాత పద్ధతి. అందులోనూ ఇదే ప్రమాదం, పీకిన ఫ్యూజు మీద ఉన్న పరికరం రీసెట్ అయిపోతుంది, తిరిగి పెట్టేటప్పుడు మిగతావి మేలుకుంటాయి. దానికి బదులు మీటరుతో పాటు వచ్చే ప్రోబులను, మిల్లీ వోల్టుల రేంజిలో, ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు లోహపు చుక్కల మీద ఆనించాను. కరెంటు పారని ఫ్యూజు మీద సున్నా చూపుతుంది. పారుతున్నదాని మీద ఆ ఫ్యూజు నిరోధాన్ని బట్టి చిన్న వోల్టేజీ కనిపిస్తుంది. వరసగా సున్నాలు చూపుతూ వచ్చిన మీటర్, ఒక 10 ఆంపియర్ల ఫ్యూజు మీద 2.1 మిల్లీ వోల్టులు చూపింది. ఆ రకం చిన్న ఫ్యూజు నిరోధం సుమారు 7.5 మిల్లీ ఓమ్‌లు కాబట్టి లెక్క సరిగ్గా 280 మిల్లీ ఆంపియర్ల దగ్గరికే వచ్చింది. అది నేను తరువాత బిగించుకున్న స్టీరియోకు నిరంతరం సరఫరా ఇచ్చే తీగ. ఫోన్ బ్లూటూత్‌కు కలిసి ఉండగా ఇంజన్ ఆపేస్తే అది కొన్నిసార్లు తెర ఆర్పేసి లోపల మాత్రం మేలుకునే ఉండేది. కొన్నిసార్లే, అందుకే ఇన్నాళ్లు దొరకలేదు.

ఇక మీటర్ లోపాలు. సున్నా నిలకడ దీని పెద్ద బలహీనత. హాల్ సెన్సర్ భూమి అయస్కాంత క్షేత్రాన్ని కూడా పసిగడుతుంది కాబట్టి, ఖాళీ దవడలతోనే దాన్ని అటూ ఇటూ తిప్పితే అంకె 10, 20 మిల్లీ ఆంపియర్ల మేర మారుతుంది. ఏ దిశలో, ఏ కోణంలో కొలవబోతున్నానో అదే భంగిమలో పట్టుకుని ముందు సున్నా చేసి, వెంటనే తీగను దవడల మధ్యకు తీసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఎండలో ఉన్న బానెట్ కింద అరగంట వదిలేస్తే సున్నా మళ్లీ జరుగుతుంది. తెర మీద ఒక్క మిల్లీ ఆంపియర్ కనిపిస్తోంది కదా అని అంత ఖచ్చితంగా కొలుస్తుందని అనుకోకూడదు. 280ని పట్టడానికి ఇది భేషుగ్గా సరిపోతుంది గానీ, 25కూ 40కీ మధ్య తేడా తేల్చాలంటే నేనిప్పటికీ మల్టీమీటరునే సిరీస్‌లో కలుపుతాను. సన్నని తీగైతే ఒక ఉపాయం ఉంది: దాన్ని దవడల గుండా ఐదు చుట్లు తిప్పితే అంకె ఐదింతలవుతుంది, ఐదుతో భాగిస్తే చాలు. బండ బ్యాటరీ కేబులుతో అది కుదిరే పని కాదు.

పదిహేను నిమిషాలకు తనంతట తానే ఆగిపోయే గుణం ఇంకో తలనొప్పి. గంటసేపు ఎదురుచూడటమే ప్రధానమైన పనిలో, చూసే సమయానికి మీటరే నిద్రపోయి ఉంటుంది. కనిష్ఠ, గరిష్ఠ అంకెలను గుర్తుంచుకునే మిన్-మాక్స్ మీటను నొక్కితే ఈ మీటర్ ఆగదని నాకు రెండో ఏడాది గాని తెలియలేదు. మాన్యువల్ ముందే చదివి ఉండవలసింది. మూడో ఏట ప్రోబు మొదట్లో తొడుగు చీలింది, మార్చుకున్నాను. దవడల అంచుల్లో దుమ్ము, తుప్పు పొడి చేరితే అవి పూర్తిగా మూసుకోక అంకె తప్పుతుంది, కాబట్టి వాడే ముందు గుడ్డతో తుడుస్తాను. వీటికి మించి నాలుగేళ్లలో మరమ్మతు ఏదీ రాలేదు.

వేరే కార్ల మీద దీని పనితనం ఇంకా వేగంగా తేలింది. మా బావగారి కారులో నిలకడగా 400 మిల్లీ ఆంపియర్ల పైన చూపింది. అంత కరెంటు 5 వాట్ల బల్బుకు సరిపోతుందని తట్టి, ఫోనులో వీడియో ఆన్ చేసి డిక్కీలో పెట్టి మూత వేశాము. తీసి చూస్తే, మూత పడ్డాక కూడా దీపం వెలుగుతూనే ఉంది. మరో మిత్రుడి కారులో ఏ ఫ్యూజు మీదా ఏమీ దొరకలేదు. చివరికి ఇంజన్ ఆపి ఉండగానే, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ నుంచి వచ్చే లావు తీగ మీద క్లాంప్ పెడితే అర ఆంపియరు దాకా వెనక్కి పారుతోంది, అంటే కరెంటును ఒకే దిశలో పోనివ్వాల్సిన లోపలి డయోడు దెబ్బతిందన్నమాట.

ఒక కారులో మాత్రం మీటర్ ఏ తప్పూ చూపలేదు, తప్పు నిజంగానే బ్యాటరీది. దాన్ని పూర్తిగా ఛార్జ్ చేసి, నెగటివ్ విప్పి, ఏ తీగా తగలకుండా నాలుగు రోజులు పక్కన పెట్టాము. 12.6 వోల్టులతో మొదలైంది 12.1కి జారింది. ఈ పరీక్షకు క్లాంప్ అక్కరలేదు, ఒక వోల్టుమీటర్ చాలు. నిజానికి ఎవరైనా ముందు చేయవలసింది ఇదే. ఇంజన్ ఆపిన వెంటనే గానీ ఛార్జర్ తీసిన వెంటనే గానీ వోల్టేజీ చూడకూడదు. పైపై ఛార్జ్ వల్ల అప్పుడు 12.9 దాకా కనిపించి బ్యాటరీ బాగుందన్న భ్రమ కలిగిస్తుంది. కొన్ని గంటలు ఆగాక చూపేదే అసలు లెక్క. పూర్తిగా దిగిన బ్యాటరీని అలాగే వారాలు వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి దాని సామర్థ్యం శాశ్వతంగా తగ్గుతుంది. నా కొత్త బ్యాటరీ కూడా రెండు మూడుసార్లు పూర్తిగా దిగి, ఎంతో కొంత ఆయుష్షు పోగొట్టుకునే ఉంటుంది.

కారును నెలల తరబడి వదిలేసి వెళ్లేవారికి, కారణంతో పని లేదనుకునేవారికి ఈ మీటర్ అవసరం లేదు. నెగటివ్ టెర్మినల్ విప్పేసినా, బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచే ఫ్లోట్ ఛార్జర్ తగిలించినా సరిపోతుంది. నాలాగా వారానికోసారి తీసే కారులో, వచ్చీ పోయీ ఉండే లోపాన్ని వెతికేవారికి మాత్రం దీనికి సాటి వచ్చే సాధనం నాకు కనబడలేదు. స్టీరియో తీగను నేను తాళంతో పాటు ఆగిపోయే సరఫరాకు మార్చేశాను. దాని వల్ల రేడియో స్టేషన్లు ప్రతిసారీ కొత్తగా వెతుక్కోవలసి వస్తోంది. నిన్నటికి కారు కదలక పన్నెండు రోజులు. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ 12.5 వోల్టులు, కేబుల్ మీద 30కి కాస్త అటూ ఇటూ.