ఇంట్లో కాటా ఉండాలా: మూడున్నరేళ్ల వాడకం తర్వాత

కర్నూలు మార్కెట్ యార్డులోని ఒక కమీషన్ దుకాణంలో పద్దెనిమిదేళ్లుగా తూకాల లెక్కలు రాస్తున్నాను. రోజూ వందల బస్తాల బరువు నమోదు చేసే నేను, నా బరువు ఎంతో తెలుసుకున్నది మాత్రం 2022 జనవరిలో, రక్తపోటుకు రెండో మాత్ర మొదలుపెట్టవలసి వచ్చిన రోజున. ఆనాటికి నా బరువు 91.4 కిలోలు, ఎత్తు 168 సెంటీమీటర్లు, నడుము చుట్టుకొలత 106 సెంటీమీటర్లు. భారతీయ పురుషులకు నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదని, నెలకు రెండు మూడు కిలోల చొప్పున నిదానంగా తగ్గమని వైద్యుడు చెప్పారు. ఆ వారమే సుమారు వెయ్యి రూపాయలు పెట్టి గాజు పలక ఉన్న డిజిటల్ కాటా కొన్నాను. 180 కిలోల వరకు తూచగలది, 100 గ్రాముల తేడా చూపేది. బరువు తగ్గేవారు ఇంట్లో ఇలాంటి కాటా పెట్టుకోవచ్చా, పెట్టుకుంటే ఎన్నిసార్లు చూసుకోవాలి అని చాలామంది అడుగుతుంటారు కాబట్టి, నా అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను.

ముందుగా యంత్రం సంగతి. పలక కింద నాలుగు మూలలా నాలుగు కాళ్లు, ఒక్కొక్క కాలిలో ఒక చిన్న ఉక్కు పట్టీ ఉంటాయి. బరువు పడినప్పుడు ఆ పట్టీ వెంట్రుకవాసి వంగుతుంది, దానికి అతికించిన సన్నని తీగలో విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పును లెక్కగట్టి యంత్రం అంకెగా చూపుతుంది. నాలుగు కాళ్లూ సమానంగా ఆనితేనే ఆ లెక్క సరిపోతుంది. మా వసారాలో పరిచినవి బేతంచెర్ల నాపరాళ్లు. వాటి అతుకుల మీద కాటా పెట్టి తూగితే ఒకసారి 90.1, వెంటనే మరోసారి 91.0 చూపింది. లోపలి గదిలో టైల్స్ మీద పెట్టినప్పుడు మూడుసార్లూ ఒకే అంకె వచ్చింది. చాప మీద గాని, పరుపు మీద గాని పెడితే ఆ తూకాన్ని అసలు నమ్మకూడదు.

దుకాణంలో వ్యాపారానికి వాడే ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ వారి చేత ఏటా ముద్ర వేయించాలి. ఇంటి కాటాకు అలాంటి తనిఖీ ఏదీ లేదు కాబట్టి ఆ పని నేనే చేశాను. దుకాణంలోని ముద్ర ఉన్న 20 కిలోల తూకపురాయిని ఒక ఆదివారం ఇంటికి తెచ్చి పలక మీద పెడితే 19.9 చూపింది. నేను ఎక్కి, దిగి, మళ్లీ రాయిని పట్టుకుని ఎక్కితే రెండు తూకాలకు మధ్య తేడా సరిగ్గా 20.0 వచ్చింది. మనిషి బరువుకు అంతకంటే నిక్కచ్చి అవసరం లేదు. నిజానికి కాటా అర కిలో ఎక్కువ చూపినా నష్టం లేదు, రోజూ అదే అర కిలో ఎక్కువ చూపితే చాలు, ఎందుకంటే మనకు కావలసింది తగ్గుదల మాత్రమే.

అయితే ఈ యంత్రంలో నన్ను చాలా బాధించిన లోపం ఒకటి ఉంది. ఐదారు నెలల తర్వాత, వెంటవెంటనే ఎన్నిసార్లు ఎక్కినా అంకె ఒక్క 100 గ్రాములు కూడా కదలకుండా రావడం గమనించాను. అనుమానం వచ్చి, నిండుగా ఉన్న 200 మిల్లీలీటర్ల నీళ్ల సీసా చేత్తో పట్టుకుని మళ్లీ ఎక్కితే పాత అంకే వచ్చింది. సీసా కింద పెట్టి ఎక్కినా అదే అంకె. అంటే కొత్త తూకం పాత తూకానికి దగ్గరగా ఉంటే యంత్రం దాన్నే గుర్తుంచుకుని మళ్లీ చూపుతోంది. వాడేవారికి స్థిరంగా తూచినట్లు కనిపించాలని ఇలా చేసి ఉండవచ్చు గాని, తూకాల వృత్తిలో ఉన్న నాకు ఇది పెద్ద తప్పుగానే తోచింది. అప్పటినుంచి నేను ఎక్కే ముందు రెండు ఇటుకలు పలక మీద పెట్టి తీసేస్తున్నాను. మధ్యలో వేరే బరువు పడితే పాత అంకె పోయి అసలు తూకం వస్తుంది. కాటా కొన్నవారు ఈ నీళ్ల సీసా పరీక్ష మొదటి రోజే చేసుకోవాలని గట్టిగా చెబుతాను.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. మొదటి తొమ్మిది రోజుల్లో నేను 2.3 కిలోలు తగ్గాను. రాత్రి అన్నం మానేసి ఒక జొన్న రొట్టె, ఆకుకూర పప్పు తిన్నాను, ఉదయం ఉగ్గాని బజ్జీ మానేశాను, సాయంత్రం తుంగభద్ర ఒడ్డు దాకా నడిచాను. ఈ లెక్కన రెండు నెలల్లో పని పూర్తవుతుందని ఇంటిల్లిపాదికీ చెప్పాను. తర్వాత పదహారు రోజులు కాటా కదలలేదు, మధ్యలో రెండు రోజులు పైకి కూడా పోయింది. తినేది అంతే, నడిచేది అంతే, ఫలితం మాత్రం లేదనిపించి పదిహేడో రోజు నడక మానేశాను. ఇంట్లో కాటా లేకపోయి ఉంటే ఆ రోజు నడక మానేవాడిని కాను. దీన్ని కాటాకు వ్యతిరేకంగా చెప్పదగిన మొదటి సాక్ష్యంగా పరిగణించాలి.

నన్ను తిరిగి దారిలో పెట్టినది యార్డులో పెద్ద హమాలీ అన్న మాట. వేరుశనగ కాయల్ని మా వైపు బుడ్డలంటాం. ఆ రోజు ఒక రైతు తడి ఆరని బుడ్డలు తెచ్చి, ఊరి తూకానికీ యార్డు తూకానికీ మధ్య బస్తాకు తేడా వచ్చిందని గొడవపడుతుంటే, ఆ హమాలీ నా వైపు తిరిగి, "పచ్చి సరుకు తూకం చూసి లెక్క కట్టగూడదన్నా, ఆరినంక చూడల్ల" అన్నాడు. బస్తాలో గింజ ఎంతుందో అంతే ఉంటుంది, తగ్గేదీ పెరిగేదీ తేమ. పద్దెనిమిదేళ్లుగా బస్తాల విషయంలో తెలిసిన ఈ సంగతి నా శరీరం విషయంలో నాకు తట్టలేదు.

మనిషి శరీరంలో సగానికి పైగా నీరే. కాలేయంలోనూ కండరాలలోనూ పిండిపదార్థం గ్లైకోజన్ రూపంలో సుమారు 500 గ్రాముల వరకు నిల్వ ఉంటుంది, దాని ప్రతి గ్రాము దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం తగ్గించగానే మొదట కరిగేది ఆ నిల్వే, దానితోపాటు నీరు వెళ్లిపోతుంది. నా మొదటి 2.3 కిలోలలో కొవ్వు కొంతే, మిగతాదంతా ఈ తేమే. అదే విధంగా ఉప్పు ఎక్కువైతే శరీరం నీటిని నిలుపుకుంటుంది. ఊరమిరపకాయలు, ఆవకాయ తిన్న మరునాడు నా తూకం ప్రతిసారీ అర కిలో పైన పెరుగుతుంది. ఒకసారి నంద్యాలలో పెళ్లి భోజనం చేసి వచ్చిన మరునాడు 1.6 కిలోలు పెరిగాను. ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. ఆ 1.6 కిలోలు కొవ్వే అయితే, మామూలుగా తినేది కాక అదనంగా 12,000 కేలరీలు ఒక్క పూటలో తిని ఉండాలి. భక్ష్యాలు ఎన్ని తిన్నా అది జరిగే పని కాదు. మూడో రోజుకల్లా ఆ పెరుగుదల దానంతట అదే పోయింది. మే నెల ఎండలో, నలభై డిగ్రీలు దాటిన రోజుల్లో, ఉదయం నుంచి సాయంత్రానికి 1.2 కిలోలు తగ్గిన సందర్భాలూ నా పుస్తకంలో ఉన్నాయి. అదీ చెమటే గనుక నీళ్లు తాగితే తిరిగి వచ్చింది.

అందువల్ల తూకం చూసే పద్ధతి మార్చాను. తెల్లవారి లేవగానే, కాలకృత్యాలు తీర్చుకుని, నీళ్లు తాగక ముందు, లుంగీ మీద, అదే గదిలో అదే టైల్ మీద తూగి, అంకెను పుస్తకంలో రాసి మూసేస్తాను. ఆదివారం నాడు ఏడు అంకెలు కూడి ఏడుతో భాగిస్తాను. ఆ సగటునే నా బరువుగా లెక్కిస్తాను. ఒక వారం లెక్కను ఉన్నది ఉన్నట్లు ఇస్తున్నాను: సోమవారం 84.6, తర్వాత వరుసగా 84.2, 85.1, 84.9, 84.3, 84.0, 84.4. మొత్తం 591.5, సగటు 84.5. అంతకు ముందు సోమవారం నా తూకం 84.4. సోమవారాన్ని సోమవారంతో పోల్చితే 200 గ్రాములు పెరిగినట్లు. అంతకు ముందు వారం సగటు 84.9 కాబట్టి, సగటును సగటుతో పోల్చితే 400 గ్రాములు తగ్గినట్లు. వారానికి ఒక్కసారే చూసుకోవడం మంచిదని కొందరు చెబుతారు గాని, ఆ ఒక్క రోజు పచ్చి సరుకు రోజు అయితే వారమంతా తప్పు లెక్కతో గడపాలి. నా మటుకు నాకు, రోజూ తూచి ఏ రోజు అంకెనూ పట్టించుకోకపోవడం మేలు చేసింది.

కాటా పూర్తిగా మానేసి కూడా చూశాను. 2023 సెప్టెంబర్ నుంచి యార్డుకు ఉల్లిగడ్డ విపరీతంగా వచ్చింది, రాత్రి పది దాకా పని ఉండేది. ఇక అలవాటు కుదిరిందని, కాటాతో పని లేదని దాన్ని పక్కన పెట్టాను. భోజనం వేళ తప్పింది, బండి మీది మిరపకాయ బజ్జీలు తిరిగి వచ్చాయి. ప్యాంటు కొంచెం బిగిసినా పట్టించుకోలేదు. నవంబర్ చివర తూగితే వారం సగటు 2.8 కిలోలు పెరిగి ఉంది. తూగుతూ ఉంటే ఆ పెరుగుదల మూడో వారానికే తెలిసేది. అమెరికాలో 1994లో మొదలైన నేషనల్ వెయిట్ కంట్రోల్ రిజిస్ట్రీలో, బరువు తగ్గి దాన్ని నిలబెట్టుకున్నవారి అలవాట్లు నమోదు చేస్తారు. వారిలో నాలుగింట మూడు వంతుల మంది వారానికి ఒక్కసారైనా బరువు చూసుకుంటారట. ఆ లెక్కలో ఉన్నవారందరూ గెలిచినవారే గనుక, తూగడం వల్లనే వారు గెలిచారని నేను అనను. నాకు మాత్రం ఆ మూడు నెలల అనుభవం చాలింది.

నా భార్య పద్ధతి వేరు. నెలసరికి ముందు వారంలో ఆమెకు ఒకటి ఒకటిన్నర కిలో నీరు నిలుస్తుంది, కాబట్టి వారం సగటు కూడా ఆమెను తప్పుదారి పట్టించేది. ఇప్పుడు ఆమె నెలకు ఒక్కసారి, నెలసరి ముగిసిన ఐదో రోజున తూగి, పోయిన నెల అదే రోజుతో పోల్చుకుంటుంది, దానితోపాటు టేపుతో నడుము కొలుచుకుంటుంది. అనంతపురంలో ఉన్న మా బావమరిది, కొవ్వు శాతం కూడా చూపే ఖరీదైన కాటా కొన్నాడు. పాదాల గుండా స్వల్ప విద్యుత్తు పంపి అది అంచనా వేస్తుంది, ఒంట్లో నీరు మారితే ఆ శాతమూ మారుతుంది. ఉదయానికీ సాయంత్రానికీ మనిషి కొవ్వు అంత మారదు గనుక, దానికి అదనంగా డబ్బు పెట్టమని నేను ఎవరికీ చెప్పను. పేస్‌మేకర్ ఉన్నవారు అలాంటి కాటా ఎక్కనే కూడదు.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం మా అమ్మాయిది. 2023 వేసవి సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికి వచ్చింది. తన ఎత్తుకు తగిన బరువే, తగ్గవలసిన అవసరం ఏమీ లేదు. కాటా అప్పట్లో హాలులో టీవీ కింద ఉండేది. భోజనానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, స్నానానికి ముందు ఒకసారి ఎక్కడం నేను చూసి కూడా, నా అలవాటే తనకూ వచ్చిందని సంతోషించాను. ఒక సాయంత్రం గ్లాసు మజ్జిగ తాగి కాటా ఎక్కి, ముఖం మాడ్చుకుని వచ్చి, "రెండు నూర్ల గ్రాములు పెరిగినా నాయినా, రాత్రికి నాకేం వద్దు" అంది. ఆ రెండు వందల గ్రాములు అప్పుడే తాగిన మజ్జిగ. నేను లెక్క చెప్పి చూపించాను. తల ఊపింది గాని, ఆ రాత్రి తినలేదు. మరునాడూ సగం రొట్టె విరిచి పక్కన పెట్టింది. లెక్కతో తీరే విషయం కాదని నాకు అప్పుడు అర్థమైంది. వైద్యురాలి దగ్గరికి తీసుకువెళితే ఆమె చెప్పిన మొదటి మాట, కాటాను ఇంట్లో కనిపించకుండా చేయమని. తిరిగి మామూలుగా తినడానికి నాలుగు నెలలు పట్టింది. తిండి అంటే భయం మొదలైన పిల్లలు గాని, పెద్దలు గాని, ఒకప్పుడు అలాంటి ఇబ్బంది పడినవారు గాని ఉన్న ఇంట్లో కాటా బయట ఉండకూడదు, వారు తూగవలసి వస్తే ఆసుపత్రిలోనే తూగాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

దీనికి పూర్తిగా భిన్నమైనవారూ ఉన్నారు. గుండె బలహీనపడి కాళ్లకు నీరు చేరే రోగులు ప్రతి ఉదయం బరువు చూసుకోవాలని వైద్యులే చెబుతారు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది నీరు చేరుతున్న సూచన కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తెలియజేయాలి. అలాంటివారికి ఇంటి కాటా థర్మామీటర్ లాంటిదే.

ఇప్పుడు నా వారం సగటు 78.6 కిలోలు, నడుము 94 సెంటీమీటర్లు, రక్తపోటుకు ఒక్క మాత్ర. కాటాలో బ్యాటరీలు నాలుగుసార్లు మార్చాను, గాజు మీద ఒక మూల చిన్న గీత పడింది, తూకపురాయి పెడితే ఇప్పటికీ 19.9 చూపుతుంది. అది బీరువాలో నా పంచెల కింద ఉంటుంది. ఐదున్నరకు తీసి, ఇటుకలు పెట్టి తీసి, తూగి, రాసుకుని, అమ్మాయి సెలవులకు వచ్చి ఉంటే తను లేవక ముందే మళ్లీ లోపల పెట్టి తాళం వేస్తాను.