అగ్నిపర్వతం పక్కన దుప్పటి కిరాయి 25,000

హనుమకొండ నుంచి ఇరవై రెండు మంది తొమ్మిదో తరగతి పిల్లలు, ముగ్గురు టీచర్లం మే మొదటి వారంలో బాలి వెళ్ళొచ్చాం. తలకు 92,000 రూపాయలు. "రాళ్ళు చూపించడానికి అంత దూరమెందుకు సార్, పాకాలకు తీసుకపోరాదా" అని పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి అడిగాడు. ఆ మాట నాకు బాతూర్ అగ్నిపర్వతం ఎదుటి కింతామణి ఊళ్ళో, లాడ్జిలో అర్ధరాత్రి గుర్తొచ్చింది.

ఏజెంటు ఇచ్చిన కాగితంలో వాల్కనో వ్యూ రూమ్, వేడినీళ్ళు, ఇండియన్ భోజనం అని ఉంది. ఫోటోలో కిటికీ నిండా బాతూర్ కొండే. మాకిచ్చిన గదుల్లో కిటికీ తెరిస్తే వంటింటి వెనక గోడ, దానికి ఆనించిన గ్యాస్ సిలిండర్లు. ఇద్దరికి సరిపోయే మంచం మీద నలుగురు పిల్లలు, ఒక్కటే పలుచటి దుప్పటి. వరంగల్‌లో 43 డిగ్రీల ఎండలోంచి వచ్చినవాళ్ళం. ఆ ఊరేమో దాదాపు 1,450 మీటర్ల ఎత్తున, చలి. స్వెటర్ తెచ్చుకోమని లిస్టులో రాశాను, సగం మంది తేలేదు. "అగ్నిపర్వతం కదా సార్, వేడిగా ఉంటదనుకున్నం" అన్నారు. ఏం చెప్పను!

ఇంకో దుప్పటి కావాలంటే ఒక్కోదానికి 25,000 రుపియాలట, అంటే ఇండోనేషియా డబ్బులు. పద్నాలుగు తీసుకున్నాను, మన డబ్బుల్లో దాదాపు 1,900. వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఏడు దాకానే వస్తాయట. మేం కొండకు బయల్దేరేది మూడింటికి. కింద సరస్సు ఒడ్డున తోయా బుంగ్కాలో భూమిలోంచి వేడినీళ్ళు ఊరుతున్నాయి, ఇక్కడ మాత్రం చన్నీళ్ళ బకెట్! ఏజెంటుకు ఫోన్ చేస్తే "అక్కడ అంతే సార్, అడ్జస్ట్ అవ్వండి" అన్నాడు. ఇండియన్ భోజనం అంటే అన్నం, నాలుగు బఠాణీలు తేలే పసుపు నీళ్ళు. మా లెక్కల మేడం సంచిలోంచి సకినాలు, చింతకాయ తొక్కు తీసింది కాబట్టి పిల్లలు తిన్నారు. ఆమె మాత్రం నాతో రెండు రోజులు ముక్తసరిగానే మాట్లాడింది. ఆ ఏజెంటును కుదిర్చింది నేనే మరి.

నాలుగింటికి టార్చిలైట్లతో ఎక్కడం మొదలుపెడితే పైకి చేరేసరికి ఆరు. కొండ ఎత్తు 1,717 మీటర్లే కానీ, చివర్లో అంతా నల్లటి పొడి రాళ్ళు, అడుగు వేస్తే సగం వెనక్కి జారుతుంది. పైన ఒక రాతి పగులులోంచి ఆవిరి వస్తోంది. గైడ్ అందులో గుడ్లు పెట్టి ఉడికించాడు. పిల్లలు చుట్టూ మూగి చేతులు కాచుకున్నారు. పీఈటీ సార్ పొట్టు తీసి నోట్లో పెట్టుకోబోతుంటే కోతి వచ్చి గుడ్డు ఎత్తుకుపోయింది. రాత్రి నుంచి మేడం నవ్వింది అప్పుడే.

తెల్లారాక కింద 1963 నాటి లావా నల్లటి పరుపులా కనిపించింది. 1926లో లావా కింది ఊరిని కప్పేస్తే, జనం పైకొచ్చి అంచు మీద మళ్ళీ ఊరు, గుడి కట్టుకున్నారు. ఆ అంచు పాత మహా విస్ఫోటంలో కుంగిన గిన్నెది, ఆ గిన్నె పొడవు 13 కిలోమీటర్ల పైనే. మేం వణికిన లాడ్జి కూడా దాని మీదే. ఏళ్ళ తరబడి బోర్డు మీద సుద్దముక్కతో గీసిన బొమ్మ ఇది, ఇక్కడ వేలు చూపిస్తే చాలింది.

దిగేటప్పుడు ఉల్లి చేల మధ్య ఆదిలాబాద్ పిల్లాడొకడు మన్ను చేతిలోకి తీసుకుని నలిపాడు. "మా రేగడి లెక్కనే నల్లగుంది సార్." దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కింద పొంగిన దక్కన్ లావా అరిగి అరిగి మీ రేగడి అయిందని చెప్పాను. "అంటే మా పత్తి చేను కింద లావానేనా? క్లాసుల చెప్పలేదేంది సార్?" చెప్పాను. ఒక మార్కు బిట్టుగా.

మిగిలిన మూడు రోజులు ఉబుద్, సముద్రం, షాపింగ్ బాగానే గడిచాయి.

వెళ్ళేవాళ్ళు వీసాకు 5,00,000, టూరిస్టు పన్నుకు 1,50,000 రుపియాలు వేరే లెక్కేసుకోండి, ప్యాకేజీలో ఉన్నాయని నోటిమాట నమ్మొద్దు. హోటల్ పేరు రాతపూర్వకంగా తీసుకోండి. పైన అంచు మీద కాదు, కింద సరస్సు పక్కన దిగండి, గంట నిద్ర మిగులుతుంది.

గొడవపడితే ఏజెంటు 11,000 వెనక్కిచ్చాడు, పిల్లలకు తలా 500 పంచేశాం. దుప్పట్ల డబ్బులు నా జేబులోంచే పోయాయి. అందులో వాటా వెయ్యమని మేడంను అడిగే ధైర్యం నాకు లేదు.