రెటీనా ఫోటో: యంత్రమే తేల్చాలా, వైద్యులకు తోడుగా ఉండాలా? ఏది మేలు?

మధుమేహం ఉన్నవారిలో రెటీనా (కంటి వెనుక పొర) దెబ్బతినే జబ్బును, అంటే మధుమేహ రెటినోపతిని, ఫోటోల్లో వెతికే సాఫ్ట్‌వేర్లు రెండు రకాలుగా పనిచేస్తున్నాయి. మొదటి రకంలో ఫలితాన్ని యంత్రమే చెబుతుంది: కంటి వైద్యుల దగ్గరకు వెళ్లండి, లేదా ఏడాదికి మళ్లీ రండి. రెండో రకం అనుమానం వచ్చిన చోట గుర్తు పెట్టి ఊరుకుంటుంది, నిర్ణయం వైద్యులది.

వినగానే రెండోదే క్షేమం అనిపిస్తుంది. కానీ ఫోటో చూసే నిపుణులే లేని చోట ఆ క్షేమం మాటలకే పరిమితం. ఫలితం కోసం వారాలు ఆగాల్సి వస్తే ఎందరు తిరిగి వస్తారు? అందుకే తొలి వడపోతకు నేను మొదటి రకం వైపే.

అలాగని గుడ్డిగా కాదు. వైద్యుల ప్రమేయం లేకుండా ఫలితం చెప్పే ఐడీఎక్స్-డీఆర్ అనే సాఫ్ట్‌వేర్‌కు 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతిచ్చింది. 900 మందితో జరిపిన పరీక్షలో అది జబ్బున్నవారిలో సుమారు 87 శాతాన్ని, లేనివారిలో 91 శాతాన్ని సరిగ్గా గుర్తించింది. వెయ్యి మందిలో వంద మందికి జబ్బు ఉందనుకుని లెక్క వేయండి. 13 మంది దాని కన్నుగప్పుతారు. బాగున్న 900 మందిలో 81 మంది అనవసరంగా వైద్యుల దాకా వెళతారు. అంటే పంపినవారిలో దాదాపు సగం మందిది ఉత్త కంగారే! దాన్ని భరించవచ్చు, ఆ 13 మంది మరుసటి ఏడాది పరీక్షకు రాకపోతేనే ముప్పు.

ఫోటో నాణ్యత మరో తలనొప్పి. థాయిలాండ్ క్లినిక్‌లలో గూగుల్ వ్యవస్థకు ఇచ్చిన 1,838 ఫోటోలలో 21 శాతం దాని ప్రమాణాలకు అందలేదు. గదిలో వెలుతురు ఎక్కువైనా చిక్కే. ఒక మూల మసకబారినా, మిగతా భాగంలో రక్తపు మరకలు స్పష్టంగా ఉంటే అనుభవజ్ఞులకు అది చాలు. లెన్సు మీద ధూళి అయితే ప్రతి రోగి ఫోటోలోనూ అదే చోట కనిపిస్తుంది. వరసగా చూసేవారు దాన్ని ఇట్టే పసిగడతారు. ఇక్కడ రెండో రకానిదే పైచేయి, అయితే యంత్రం గుర్తు పెట్టిన చోటే చూసి మిగతాది వదిలేసే అలవాటు పడకూడదు.

మాక్యులా (రెటీనా నడిమి భాగం) వాపు సంగతి వేరు. మందం ఫోటోలో నేరుగా తెలియదు. అనుమానం ఉంటే రెటీనా పొరల మందం చూపే ఓసీటీ స్కాన్ తీయాల్సిందే.

మొదటి రకం వాడే చోట ఒక షరతు పెడతాను: ఫలితం చీటీ మీద ‘జబ్బు లేదు’ అని రాయకూడదు. ‘మధుమేహ రెటినోపతికి మాత్రమే చూశాం, గ్లకోమాకు చూడలేదు’ అని రాయాలి.