పెళ్లికి అడిగే కారు, టాక్సీగా బతికిన కారు: పాత బెంజి డీజిల్‌తో నా అనుభవం

నా దగ్గరున్నది మెర్సిడెస్ బెంజి ఈ 250 డీ. తొంభైల నడుమ పుణెలో తయారైన డీజిల్ బండి, మోడల్ కోడ్ డబ్ల్యూ 124. హైదరాబాద్‌లో ఒక డాక్టరుగారు అమ్మేస్తుంటే సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని విజయవాడ తెచ్చుకున్నాను. ఇరవై ఏళ్లు దాటింది. వారం రోజులు నడిపి రాసిన కొత్త కార్ల రివ్యూలు ఎన్నైనా దొరుకుతాయి. బండి ముసలిదయ్యాక ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు తక్కువ.

మన దగ్గర బెంజి అంటే పెద్దింటి కారు. ముహూర్తాలు మొదలయ్యాయంటే మా వీధిలో ఎవరో ఒకరు వచ్చి, "బాబాయ్ గారూ, మా వాడి పెళ్లికి ఒక్క పూట బండి ఇప్పిస్తారా" అని అడుగుతారు. ఇస్తాను. పూలదండలకు కట్టిన తీగలు రంగు మీద గీతలు పెట్టకుండా మాత్రం దగ్గరుండి చూసుకుంటాను. పక్కనే దీనికి రెండింతలు ఖరీదున్న కొత్త ఎస్‌యూవీ ఉన్నా పెళ్లికొడుకును ఎక్కించడానికి ఇదే కావాలి. బానెట్ చివర నిలబడ్డ ఆ మూడు కోణాల నక్షత్రం మహిమ అది.

జర్మనీలో ఇదే కారు టాక్సీ. లేత దంతపు రంగు వేసుకుని స్టేషన్ల బయట వరసగా నిలబడేది. కొన్నవాళ్లలో రోజుకు రెండు షిఫ్టులు తిప్పే డ్రైవర్లున్నారు, రైతులున్నారు, ఊళ్లు తిరిగే సేల్స్‌మన్లున్నారు. గ్రెగోరియోస్ సాకినిడిస్ అనే గ్రీకు టాక్సీ డ్రైవరు 1976 నాటి 240 డీని 46 లక్షల కిలోమీటర్లు నడిపి, 2004లో దాన్ని కంపెనీ మ్యూజియానికి ఇచ్చేశాడు. ఇన్నేళ్ల వాడకంలో నాకు నచ్చినవన్నీ ఈ టాక్సీ వైపు గుణాలే. పెళ్లికారు హోదా వీధివాళ్లకు, టాక్సీ ఓపిక నాకు.

ఇంజను 2.5 లీటర్లు, ఐదు సిలిండర్లు, టర్బో లేదు. తాళం తిప్పగానే స్టార్ట్ చేయకూడదు, డాష్‌బోర్డు మీద స్ప్రింగు గుర్తున్న పసుపు లైటు ఆరేదాకా ఆగాలి. తర్వాత కాస్త దడదడలాడి కుదురుకుంటుంది. పికప్ సంగతి ముందే చెప్పేస్తాను: లేదు. టన్నున్నరకు దగ్గరగా బరువున్న బండిని టర్బో లేని డీజిల్ లాగాలి కదా. గన్నవరం దాటాక ఆర్టీసీ సూపర్ లగ్జరీ హారన్ కొట్టి మరీ నన్ను దాటిపోయిన సందర్భాలున్నాయి. కానీ ఒకసారి తొంభై, వంద అందుకుందా, ఇక విశాఖ దాకా అదే ఊపు. అన్నవరంలో ఆగి దర్శనం చేసుకుని, ప్రసాదం తిని మళ్లీ ఎక్కితే నడుము ఎక్కడా పట్టేయదు. సీట్లు మెత్తగా ఉండవు, మొదటిసారి కూర్చున్నవాళ్లు "ఇంత గట్టిగా ఉన్నాయేంటండీ" అంటారు. నాలుగు గంటల తర్వాత ఆ మాట వెనక్కి తీసుకుంటారు. హైవే మీద లీటరుకు పదమూడు దాకా వస్తుంది, ఊళ్లో ఏసీ వేస్తే తొమ్మిది దాటడం కష్టం.

ఎవరూ పట్టించుకోని సుఖం ఒకటుంది, అది మలుపు. ముందు చక్రాలు ఎంత లోపలికి తిరుగుతాయంటే, వన్‌టౌన్ సందుల్లో చిన్న కార్లు వెనక్కీ ముందుకీ ఊగుతున్న చోట ఇది ఒక్క పట్టున తిరిగేస్తుంది. ఇరుకు వీధుల్లో బేరాలు మోసే టాక్సీవాళ్లకు కావలసింది సరిగ్గా ఇదే. వైపరు ఒక్కటే ఉంటుంది. అది మామూలుగా అర్ధచంద్రాకారంలో తిరిగి ఊరుకోదు. మూలల దగ్గరికి రాగానే చెయ్యి చాపినట్టు పొడుగై, అద్దంలో 86 శాతం తుడిచేస్తుంది. వానలో పక్క సీటు పిల్లలు రోడ్డు మానేసి దాన్నే చూస్తుంటారు. ఇండికేటరు, వైపరు, లైటు డిప్పర్ అన్నీ ఎడమ చేతి వైపు ఒకే కాడకు పెట్టారు. మారుతీకి అలవాటు పడ్డ డ్రైవరు ఎక్కితే మొదటి మలుపులో కుడివైపు కాడ కోసం తడుముకుంటాడు.

వెనక సస్పెన్షన్‌లో ఒక్కో చక్రానికి ఐదు లింకులు. 1982లో 190 అనే చిన్న బెంజి మోడల్‌తో మొదలైన ఈ ఏర్పాటు పెద్ద బండి డబ్ల్యూ 124కూ వచ్చింది. గుంతలో పడ్డప్పుడు దెబ్బ లోపలికి రాదు, ఎక్కడో దూరంగా చప్పుడు మాత్రం వినిపిస్తుంది. అయితే ఎత్తైన స్పీడ్ బ్రేకర్ల మీద నిండు బండితో జాగ్రత్తగా పోవాలి. మనవాళ్లు కట్టే స్పీడ్ బ్రేకర్లు జర్మనీ ఇంజనీరు ఊహకు అందేవి కావు.

ఈ కంపెనీ చరిత్రలో నాకు బాగా ఇష్టమైన మనిషి కార్ల్ బెంజ్ కాదు, ఆయన భార్య బెర్తా. పెళ్లికి ముందే తన కట్నం డబ్బులో కొంత పెట్టి కాబోయే భర్త వర్క్‌షాపును నిలబెట్టింది. 1886 జనవరి 29న ఆయన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు గానీ, దాన్ని జనం నమ్మలేదు. 1888 ఆగస్టులో ఆమె భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మన్‌హైమ్ నుంచి పుట్టింటికి, ఫోర్జ్‌హైమ్‌కి, ఆ బండిలో బయల్దేరింది. వందకు పైగా కిలోమీటర్లు. దారిలో ఇంధనం అయిపోతే వీస్‌లోహ్ ఊళ్లో మందుల షాపులో కొంది. పైపు అడ్డుపడితే టోపీ పిన్నుతో పొడిచింది. బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఎత్తు రోడ్ల మీద బండి ఎక్కలేకపోతే పిల్లలు దిగి తోశారు. తిరిగొచ్చాక, ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు కావాలని చెప్పింది, కార్ల్ పెట్టాడు. కార్ల లోకంలో మొదటి యూజర్ రివ్యూ అదేనని నా వాదన. దాన్ని తయారీదారు చెవిన పెట్టుకోవడం ఇంకా అరుదైన సంగతి.

అదే కాలంలో వంద కిలోమీటర్ల అవతల కాన్‌స్టాట్‌లో గాట్‌లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ తమ ఇంజను పనిలో ఉన్నారు. మెర్సిడెస్ అన్నది వీళ్ల బండికి తగిలిన పేరు. నీస్ నగరంలో ఉండే ఎమిల్ యెల్లినెక్ అనే వ్యాపారి 1900లో ఒక్కసారే 36 కార్లు ఆర్డరిచ్చి, కొత్త ఇంజనుకు తన కూతురు పేరు పెట్టాలని షరతు పెట్టాడు. ఆ కూతురే మెర్సెడెస్. మొదటి యుద్ధం తర్వాత జర్మనీ ఆర్థికంగా చితికిపోయి అమ్మకాలు పడిపోతే, పోటీ మానుకుని 1926లో రెండు కంపెనీలూ కలిసి డైమ్లర్-బెంజ్ అయ్యాయి. అప్పటికి డైమ్లర్ పోయి పాతికేళ్లు దాటింది.

మా అమ్మాయి స్టుట్‌గార్ట్ దగ్గర ఉద్యోగం చేస్తున్నప్పుడు వెళ్లి కంపెనీ మ్యూజియం చూశాను. లిఫ్టులో పై అంతస్తుకు తీసుకెళ్తారు, అక్కడ మొదట ఎదురయ్యేది గుర్రం. అక్కడి నుంచి చుట్లు తిరుగుతూ కిందికి దిగుతుంటే కాలం ముందుకు నడుస్తుంది. బాగుంది. కానీ ఈ కంపెనీని మెచ్చుకునేవాళ్లు చాలామంది ముప్పైలు, నలభైలు దాటవేస్తారు, నాకది సరిగా అనిపించదు. నాజీల కాలంలో డైమ్లర్-బెంజ్ యుద్ధ ఇంజన్లు చేసింది. 1944 నాటికి దాని పనివాళ్లలో దాదాపు సగం మంది బలవంతంగా తెచ్చిన కూలీలు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరాల నుంచి పట్టుకొచ్చినవాళ్లు. కంపెనీయే తన చరిత్రలో దీన్ని రాసుకుంది. నక్షత్రం చూసి మురిసిపోయే మనం కూడా తెలుసుకోవాలి కదా.

యుద్ధం తర్వాతి కథలో బేలా బరెన్యీ అనే ఇంజనీరు ముఖ్యుడు. కారు మొత్తం గట్టిగా ఉంటే మనిషి బతుకుతాడని అందరూ అనుకుంటున్న రోజుల్లో, మనుషులు కూర్చునే భాగం గట్టిగా ఉండాలి, ముందూ వెనకా నలిగిపోవాలి అన్నాడు. 1959లో వచ్చిన డబ్ల్యూ 111 ఆ పద్ధతిలో కట్టిన మొదటి కారు. 1978లో బాష్ కంపెనీతో కలిసి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), 1981లో ఎయిర్‌బ్యాగ్, రెండూ ముందు బెంజి పెద్ద కారు ఎస్ క్లాసులోనే వచ్చాయి. బరెన్యీ ఆలోచన విలువ నాకు ఏలూరు దగ్గర తెలిసింది. సిగ్నల్లో ఆగి ఉంటే వెనక నుంచి ఒక వ్యాను గుద్దింది. డిక్కీ మడతపడింది, నాలుగు తలుపులూ మామూలుగా తెరుచుకున్నాయి. వెనక కూర్చున్న మా అత్తగారు మెడ తడుముకుంటూ దిగి, ముందు వ్యాను డ్రైవర్ని తిట్టారు, తర్వాత నన్ను.

ఇండియాతో బెంజికి అనుబంధం ఈ కార్లతో మొదలు కాలేదు. 1954లో టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని లారీలు తయారుచేసింది. 1969 దాకా ఆ లారీల ముక్కు మీద ఈ నక్షత్రమే ఉండేది. కార్ల కోసం 1994లో మళ్లీ టెల్కోతోనే కలిసి పుణెలో కంపెనీ పెట్టారు. 1995లో మొదట ఈ డబ్ల్యూ 124 తయారైంది. సరిగ్గా అదే ఏడాది జర్మనీలో దీన్ని పక్కనపెట్టి గుండ్రటి కళ్ల డబ్ల్యూ 210 తెచ్చారు. అక్కడ వద్దనుకున్న పాత మోడల్ మనకు అంటగట్టారని అప్పట్లో చాలామంది గొణుక్కున్నారు. కాలం ఆ లెక్కను తిరగేసింది. 1989లో టొయోటా వాళ్ల లెక్సస్ తక్కువ ధరకు నిశ్శబ్దమైన పెద్ద కారు తెచ్చాక, ముందు కారు చేసి తర్వాత ధర కట్టే పాత పద్ధతిని బెంజి వదులుకుంది, ధర అనుకుని దానికి తగ్గట్టు కారు చేయడం మొదలైంది. డబ్ల్యూ 210కి తుప్పు పేరు లోకమంతా పాకింది. మనకు దక్కింది పాత పద్ధతి చివరి కాన్పు. ఇప్పుడొస్తున్న 'ఈ-క్లాస్' బెంజిలో నేనూ కూర్చున్నాను. స్క్రీన్లు, లైట్లు, మసాజు అన్నీ బాగున్నాయి. అరవై ఏళ్లు దాటిన నా వేళ్లకు ఏసీ మీట చేతికి తగిలితే చాలు.

మెయింటెనెన్స్ విషయానికొస్తే, నా అదృష్టం ఆటోనగర్. అక్కడో పెద్ద మేస్త్రి, కుర్రతనంలో పాత టాటా-బెంజి లారీల కింద పడుకుని పని నేర్చినవాడు. మొదటిసారి బానెట్ తెరిచి, సగం దాకా ఎత్తాక ఇంకో మీట నొక్కి నిట్టనిలువుగా నిలబెట్టాడు. "చూశారాండీ, మెకానిక్కు నడుం నొప్పెట్టకుండా కట్టాడు, ఆ కట్టినోడెవడో మా వాడే" అన్నాడు. టైమింగుకు బెల్టు లేదు, గొలుసు ఉంటుంది, వేళకు ఆయిల్ మారిస్తే ఇంజను జోలికి వెళ్లే పనే ఉండదు.

ఖర్చంతా రబ్బరు దగ్గర. ఇంజను మౌంటింగులు, బుష్‌లు, ప్రొపెల్లర్ షాఫ్టు రబ్బరు కప్లింగులు, వాక్యూమ్ గొట్టాలు. తలుపులు, డిక్కీ, డీజిల్ మూత అన్నీ వాక్యూమ్‌తో లాక్ అయ్యే బండి ఇది, గొట్టం ముసలిదైతే ఏదో ఒక తలుపు మొండికేస్తుంది. నకిలీ పార్టుల బెడద కూడా ఉంది. ఒక షాపులో ఒరిజినల్ అని డబ్బాతో సహా అమ్మిన బాల్ జాయింటు ఏడాది తిరక్కుండానే ఊగిపోయింది. ఇంకో గ్యారేజీలో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసి పంపారు, రేడియేటర్లో ఉప్పు పేరుకుని చివరికి హెడ్ గ్యాస్కెట్ దాకా వెళ్లింది ఆ కథ. ఇప్పుడు 124తో మొదలయ్యే పార్టు నంబరు నేనే కాగితం మీద రాసిచ్చి తెప్పించుకుంటాను. జర్మనీలో ఫెల్‌బాక్‌లో 1993 నుంచి పాత బండ్ల కోసమే క్లాసిక్ సెంటర్ నడుస్తోంది కాబట్టి పార్టులు ఇప్పటికీ దొరుకుతాయి, ధరకు మాత్రం గుండె గట్టిగా ఉండాలి. బానెట్ నక్షత్రం ఒకటి కంటే ఎక్కువసార్లు దొంగలెత్తుకెళ్లారు. స్ప్రింగు మీద నిలబడి ఎటు తోస్తే అటు వంగుతుంది గానీ, మెలితిప్పేవాడిని ఏం చేస్తుంది?

ఎవరికి వద్దంటే: రోజూ ట్రాఫిక్‌లో ఆఫీసుకు వెళ్లేవాళ్లకు, బండి షెడ్డుకు వెళ్తే టెన్షన్ పడేవాళ్లకు, ఒక్క బండే ఉన్న ఇంటికి వద్దు. ఒకటి స్పేరుగా ఉండి, తెలిసిన మేస్త్రి ఉండి, దూరప్రయాణాలు ఇష్టమైతే తీసుకోండి. ఇదే బండి పెట్రోలు రకం 'ఈ-220' దొరికితే ముందు ఇంజను వైరింగు తొడుగులు వేలితో వంచి చూడండి. ఆ ఏళ్ల బండ్లలో వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసై రాలిపోవడం ప్రపంచమంతా తెలిసిన సంగతే. డీజిల్ అయితే చల్లటి ఇంజనును మీ కళ్ల ముందే స్టార్ట్ చేయించండి, ముందే వేడిచేసి ఉంచిన బండిని చూడొద్దు. వేగంగా నడుపుతున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ ముల్లు పైన 3 దగ్గరే నిలబడాలి. బేటరీ కింద, జాకీ పెట్టే చోట తుప్పు చూడండి. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి ఆర్‌సీ ఐదేళ్లకోసారి రెన్యూవల్, ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ ఉంటాయి. ఆ కాగితాలు అమ్మేవాడి పేరు మీదే ఉన్నాయో లేదో చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.