చైనా బడిలో ఇంగ్లీషు పాఠం: మూడు వారాలా, ఏడాదా?

మా చెల్లెలి కొడుకు డాలస్‌లో డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నాడు. పోయిన ఆదివారం ఫోన్ చేసి, "పెద్దమ్మా, చైనా వెళ్లి ఇంగ్లీషు చెబుదామనుకుంటున్నా. అక్క రెండు రకాలుగానూ వెళ్లొచ్చింది కదా, ఏది మేలంటావ్?" అని అడిగాడు. అక్క అంటే మా అమ్మాయి. 2016 వేసవిలో మూడు వారాల క్యాంపుకి వెళ్లింది. డిగ్రీ అయ్యాక 2018లో హునాన్ ప్రావిన్సులో ఓ ప్రభుత్వ బడిలో ఏడాది పాటు పని చేసింది. అరగంట చెప్పినా వాడికి సగమే ఎక్కినట్టుంది. అందుకే రాసి పంపిద్దామని కూర్చున్నా.

ముందు క్యాంపు సంగతి. జీతం లేదు సరికదా, ఫీజు మనమే కట్టాం, టికెట్టు మనమే కొన్నాం. పొద్దున రెండు గంటల పాఠం, ఆ తర్వాత పాటలూ ఆటలూ, చివరి రోజు స్టేజీ మీద డాన్సులు. పిల్ల హుషారుగా తిరిగొచ్చింది, కాదనను. ఇరవై ఎనిమిది మంది పిల్లల పేర్లూ నోటికి నేర్చుకుంది. అవి వచ్చేసరికి పెట్టె సర్దుకోవాల్సిన రోజు వచ్చింది. అక్కడి పిల్లల తల్లిదండ్రుల దగ్గరా గట్టిగానే ఫీజు వసూలు చేశారని తర్వాత తెలిసింది. రెండు చేతులా డబ్బు తీసుకుంటూ, కాగితం మీద మాత్రం 'సేవ' అని రాసుకున్నారు. నాకు ఇప్పటికీ అదే మంట.

ఇక ఏడాది బడి. చైనాలో 2001 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లీషు మొదలవుతుంది. కాలేజీ ప్రవేశ పరీక్ష గావోకావోలో మొత్తం 750 మార్కులైతే ఇంగ్లీషుకే 150. ఆ మార్కుల పని అక్కడి టీచర్లే చూసుకుంటారు. బయటి నుంచి వచ్చినవాళ్లకు మాట్లాడించే పీరియడ్ ఇస్తారు. మా అమ్మాయికి వారానికి పద్దెనిమిది సెక్షన్లు, ఒక్కోదానికి ఒక్క పీరియడ్, గదిలో యాభై మందికి పైనే. లెక్కేస్తే దాదాపు తొమ్మిది వందల మంది. పేర్లా? ఏడాదంతా ఉన్నా రాలేదు. పరీక్షలు దగ్గరపడితే ఆ ఒక్క పీరియడ్‌నూ రివిజన్‌కి లాగేసుకునేవారట.

అంతమందికి వినబడాలంటే గొంతు చాలదు. అక్కడ టీచర్లు నడుముకి బుల్లి స్పీకరు కట్టుకుని, చెంప పక్కన మైకు పెట్టుకుని పాఠం చెబుతారు. మా అమ్మాయీ రెండో వారంలోనే ఒకటి కొనుక్కుంది. రోజూ బడి స్పీకర్లలోంచి సంగీతం మొదలైతే పిల్లలంతా కళ్లు మూసుకుని కనుబొమల చుట్టూ వేళ్లతో నొక్కుకుంటారు, కళ్లకి వ్యాయామమట. మధ్యాహ్నం భోజనమయ్యాక బల్ల మీద తల వాల్చి ఓ కునుకు తీస్తారు. తిండి మాత్రం పేచీ కాలేదు. హునాన్ వాళ్లు మిరపకాయలు మనకన్నా ఎక్కువే వేస్తారు. ఒట్టి శాకాహారులకే కష్టం, కూరల్లోనూ పంది కొవ్వు తగలొచ్చు.

"హౌ ఆర్ యూ?" అంటే గదంతా ఒకే రాగంలో "అయామ్ ఫైన్, థాంక్యూ, అండ్ యూ?" అనేవారట. మన బళ్లలో "గుడ్ మార్నింగ్ టీచర్" సాగదీసినట్టే. జ్వరంతో ఉన్నవాడూ ఫైనే. చైనా కొత్త సంవత్సరం సెలవులయ్యాక, మార్చిలో అనుకుంటా, వెనక బెంచీ కుర్రాడొకడు బుగ్గ పట్టుకుని, "నాట్ ఫైన్. టూత్" అన్నాడట. ఆ రాత్రి వీడియో కాల్‌లో మా పిల్ల గెంతులు చూడాలి! మూడు వారాల్లో ఆ రెండు మాటలు రావు. అందుకే నా ఓటు ఏడాదికే.

మూడో దారి ఒకటుంది, ప్రైవేటు కోచింగ్ సెంటర్లు. జీతం ఎక్కువే, పని మాత్రం సాయంత్రాలూ శనాదివారాలూ. 2021 జులైలో చైనా ప్రభుత్వం తొమ్మిదో తరగతి వరకు పిల్లలకు వారాంతాల్లో, సెలవుల్లో బడి సబ్జెక్టుల ట్యూషన్లు ఆపించడంతో బోలెడు సెంటర్లు మూతపడ్డాయి. మన పిల్లాణ్ణి అక్కడికి పొమ్మని నేను చెప్పను. అమెరికా వైపు పాత దారులూ తగ్గాయి. 1993 నుంచి చైనాకి వాలంటీర్లను పంపిన అమెరికా ప్రభుత్వ సంస్థ పీస్ కోర్ 2020లో వచ్చేసింది, అమెరికా ప్రభుత్వ ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్పు కూడా అక్కడ అదే ఏడాది ఆగింది.

కాగితాల దగ్గర మాత్రం మొహమాటం వద్దు. ఉద్యోగానికి జెడ్ వీసా కావాలి. దానికి డిగ్రీ పట్టా, రెండేళ్ల అనుభవమో లేదా 120 గంటల టెఫిల్ (ఇంగ్లీషు బోధనలో శిక్షణ) సర్టిఫికెట్టో, పోలీసు క్లియరెన్సు అడుగుతారు. అంటే మనవాడు పట్టా చేతికొచ్చేదాకా ఆగాల్సిందే. "టూరిస్టు వీసా మీద వచ్చెయ్, ఇక్కడ మారుస్తాం" అన్నవాడి ఫోన్ అక్కడే పెట్టేయాలి. అనుమతి లేకుండా పని చేస్తూ దొరికితే 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా, కేసు ముదిరితే 5 నుంచి 15 రోజులు లోపల. చైనాలో ఎంబీబీఎస్ చదివే మన పిల్లలూ ఇది గుర్తుపెట్టుకోవాలి. స్టూడెంట్ వీసా మీద అనుమతి లేకుండా కిండర్‌గార్టెన్‌లో పాఠాలు చెప్పినా అదే కేసు. ఇండియా పాస్‌పోర్టుతో ఈ ఉద్యోగం దొరకడం కష్టం, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశాలవాళ్లే కావాలంటారు.

మనవాడిది అమెరికా పాస్‌పోర్టే, రంగు మాత్రం మనదే. ఏజెంట్లు ముందు ఫొటో అడుగుతారు. మా అమ్మాయిని ఒకడు "నిజంగా అమెరికనేనా?" అని రెండుసార్లు అడిగాడు. బడివాళ్లు మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. అందుకని వీలైతే ఏజెంటుతో కాకుండా నేరుగా బడితోనే మాట్లాడుకోమన్నా.

ఆ నడుము స్పీకరు ఇంకా మా వంటింటి సొరుగులోనే ఉంది. వెళ్లేలా ఉంటే వచ్చి పట్టుకుపోరా. ఛార్జరు మాత్రం వేరే కొనుక్కోవాలి.