ఒకే మంచం మీద రెండు పరుపులు: చాన్నాళ్లు వాడాక నా అభిప్రాయం

పక్కన మనిషి లేచినా నాకు మెలకువ రాకూడదు, పరుపులో నాకు కావాల్సింది ఇదొక్కటే, మెత్తగా ఉందా గట్టిగా ఉందా అన్నది తర్వాత సంగతి. మావారు రైల్వేలో లోకో పైలట్, అంటే రైలింజన్ నడుపుతారు, మేముండేది విజయవాడ సత్యనారాయణపురంలో. ఆయన డ్యూటీకి ఒక టైమంటూ ఉండదు, అర్ధరాత్రి కాల్ వచ్చిద్ది, లేచి తయారై లాబీకి, అదే డ్యూటీ ఎక్కే ఆఫీసుకి, వెళ్లి హాజరు వేయించుకోవాలి, ఒక్కోసారి తెల్లారుజామున వచ్చి పడుకుంటారు. పాపం ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టుకుని లైటు కూడా వెయ్యకుండా లేచేవారు. అయినా ఆ పాత స్ప్రింగ్ పరుపు మీద ఆయన ఇటు నుంచి అటు తిరిగితే చాలు నేను ఊగిపోయేదాన్ని, ఇంక నిద్ర ఎక్కడిది. మామూలు స్ప్రింగ్ పరుపుల్లో స్ప్రింగులన్నీ తీగతో ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి, ఒక మూల నొక్కితే రెండో మూల కదులుద్ది. పాకెట్ స్ప్రింగ్ అయితే దేని గుడ్డసంచి దానికే కాబట్టి కొంచెం నయం అంటారు, అది నేను వాడలేదు.

తర్వాత మెమరీ ఫోమ్ కొన్నాం. కదలిక విషయంలో దానికి ఇప్పటికీ దండం పెడతాను, ఆయన ఎప్పుడు లేచి వెళ్లారో తెలిసేది కాదు. కానీ అది ఒంటి వేడికి మెత్తబడి మనల్ని లోపలికి దింపుకునే రకం, అలా దిగబడ్డాక వీపు కింద గాలి ఆడదు. సంక్రాంతి చలిలో హాయిగానే ఉంది. రోహిణి కార్తెలో బెజవాడ సంగతి తెలిసిందే కదా, రాత్రి పదింటికి కూడా గోడలు వేడిగానే ఉంటాయి, పైగా ఉక్కపోత, ఏసీ ఉన్నంతసేపు ఫర్వాలేదు, కరెంటు పోయిందంటే మాత్రం ఇద్దరం లేచి కింద చాప వేసుకునేవాళ్లం.

వన్ టౌన్‌లో పరుపులు కుట్టే పెద్దాయన దగ్గరికి దిళ్ల కోసం వెళ్తే ఆయనే అన్నారు, "ఒకటే పెద్దది ఎందుకమ్మా, ఎవరిది వాళ్లకి మూడడుగులది కుట్టించుకోండి, పక్కపక్కన వేస్తే ఆరడుగుల మంచానికి సరిపోద్ది" అని. అంతే, నాకు బూరుగు దూది పరుపు, రోజంతా ఇంజన్లో కూర్చునే ఆయన నడుముకి గట్టిగా ఉండే కొబ్బరి పీచు పరుపు. రెండూ 36 బై 78 అంగుళాలు. దుప్పట్లు కూడా ఎవరివి వాళ్లకే, ఆయనకి పల్చటి మంగళగిరి నూలుది, నాకేమో ఏసీలో ఇంకొంచెం మందం కావాలి, దుప్పటి లాక్కునే గొడవే పోయింది. ఒకే మంచం మీద రెండు పరుపులేంటమ్మా అని అత్తయ్యగారు కొంచెం బాధపడ్డారు గానీ నేను పగలు కునికిపాట్లు పడకుండా ఉండటం చూశాక ఆవిడా ఏమీ అనలేదు. ఆ మొదటి వారం పట్టిన నిద్ర పెళ్లయ్యాక ఎప్పుడూ పట్టలేదు, నిజంగా.

అయితే తర్వాత జరిగింది కూడా చెప్పాలి. బూరుగు దూది పడుకున్నకొద్దీ అణిగిపోద్ది, పీచు పరుపు మాత్రం అంత తొందరగా ఎత్తు తగ్గదు. కొన్ని నెలలకి నా వైపు దిగి, మధ్యలో మెట్టులాగా అయ్యింది, రెండూ పక్కకి జరిగి సందు కూడా పడింది. బుడ్డోడు మా మధ్యే పడుకుంటాడు. ఆయన గూడూరు వైపు డ్యూటీలో ఉన్న ఒక రాత్రి వాడు దొర్లుకుంటూ వచ్చి ఆ సందులో పడ్డాడు, చెయ్యి ఒంటి కింద ఇరుక్కుని మొహం పరుపు అంచుకి ఆనుకుని ఉంది, గట్టిగా ఏడవటానికి కూడా రావట్లేదు వాడికి, ఆ మూలుగుకే నాకు మెలకువ వచ్చింది. కాళ్లూ చేతులూ వణికాయి. తెల్లారేదాకా వాణ్ణి గుండెల మీదే పడుకోబెట్టుకున్నా.

మర్నాడే పెద్దాయన్ని పిలిపించాం. కుట్లు విప్పి దూది మళ్లీ ఏకించి, కొత్త దూది కలిపి, అంచులు గట్టిగా కుట్టిచ్చారు. రెండు పరుపులూ కదలకుండా చుట్టూ బెల్టు బిగించాం. అతుకు మీద పొడవునా మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత మడిచి పరిచాను, ఇప్పుడు అక్కడ చెయ్యి పెట్టినా సందు తగలదు. బెల్టు వేశాక మాత్రం ఆయన బరువుగా కూర్చుంటే కొంచెం తెలుస్తోంది, మొదట్లో ఆ మాత్రం కదలిక కూడా తెలిసేది కాదు. మంచం చెక్కల బోల్టులు వదులైతే కూడా కదలిక వచ్చిద్ది, అవి అప్పుడప్పుడు బిగించుకోవాలి.

బూరుగు దూది కొనేవాళ్లు చిటికెడు తీసి నీళ్లలో వెయ్యండి, అసలుదైతే తడవకుండా చాలాసేపు తేలుద్ది, అది నీళ్లు పీల్చదు, వెనకటికి లైఫ్ జాకెట్లలో కూడా ఇదే కూరేవాళ్లు. మామూలు దూది కలిపితే ఆ భాగం తడిసి మునిగిపోద్ది. ఎన్ని కిలోలు కూరారో చీటీ మీద రాయించుకోండి, మళ్లీ ఏకించినప్పుడు ఎంత తగ్గిందో తెలుస్తుంది.

మాకు కుదిరింది ఆయన డ్యూటీ వల్ల, దూది పరుపుని డాబా మీద ఎండబెట్టుకునే వీలు ఉండబట్టి. పాకే వయసు పిల్లలుంటే వాళ్లు పెరిగేదాకా ఇది వద్దంటాను, లేదంటే వాళ్లని విడిగా పడుకోబెట్టాలి. మా తమ్ముడు పెళ్లికి మంచం కొంటూ నన్నడుగుతున్నాడు, వాళ్లిద్దరివీ పొద్దున్న తొమ్మిదింటి ఉద్యోగాలు, ఫ్లాట్‌లో డాబాకి తాళం వేసే ఉంటది. వాడికి దుప్పట్లు మాత్రం రెండు కొనమని చెప్పాను, పరుపు సంగతి ఇంకా ఏమీ చెప్పలేదు.